గంజి పెట్టిన బల్ల

పెద్దనాయన మీద చివరికి కప్పింది అంగడి గుడ్డే. నేను నగరి నుంచి బస్సులు మారి మారి కోవిల్‌పట్టి చేరేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. మెడ దాకా తెల్లటి మిల్లు గుడ్డ, అంచున కొట్టువాడి ముద్ర కూడా అలాగే ఉంది. బతికున్నన్నాళ్ళూ మగ్గమున్న ఇంట్లోకి బయటి గుడ్డ రానివ్వని మనిషి ఆయన. పండక్కి మాకు గౌన్లు కావాలంటే ఆయన నేసిన గళ్ళ గుడ్డతోనే కుట్టించాలి. పెళ్ళివారు పెట్టిన రవికగుడ్డయినా సరే, ఆడవాళ్ళు దారిలోనే ఎవరికో ఒకరికి ఇచ్చేసి ఇంటికి రావాలి. మగ్గాలు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, ఇక ఆయనకి ఎవరు నేస్తారు? అందరూ ఏడుస్తుంటే నా చూపు ఆ ముద్ర మీదే ఉంది. నవ్వొచ్చింది కూడా. చావింట్లో నవ్వు రాకూడదంటారు, వచ్చింది, ఏం చెయ్యను.

పెద్దనాయన అంటే మా నాయనకి అన్న, ఇంటికి పెద్ద, పదకొండు మంది తినే ఆ ఇంట్లో ఉప్పు ఎంత వేయాలో కూడా ఆయన మాటే. మాది నేతవాళ్ళ ఇల్లు. మా పెద్దలు ఎప్పుడో ఎక్కడి నుంచో దిగివచ్చారట. ఆ ఊరి పేరు మాలో ఎవరికీ తెలియదు, మిగిలింది నాలుక మీద తెలుగు ఒక్కటే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, బళ్ళో చదివిందీ అరవమే. తెలుగు రాసుకోవడానికి కూడా అక్షరాలున్నాయని నాకు పెళ్ళయి నగరికి వచ్చాకే తెలిసింది. తెల్లవారకముందే పెద్దమ్మ బియ్యప్పిండి గంజి కాచేది. పొయ్యి మీద రెండు కుండలు, ఒకటి మాకు, ఒకటి నూలుకి. నూలు కుండే పెద్దది. వెనక షెడ్డులో మరమగ్గాలు మొదలైతే మాటలు వినబడవు, అందుకే మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ గొంతు పెద్దది. నా పని కండెలు చుట్టడం. అడ్డంగా పోయే పేకనూలు చిన్న కండె పుల్లకి ఎక్కించి ఎక్కించి నా చూపుడువేలి మీద పడిన గాడి ఇప్పటికీ పోలేదు. నా అంత వేగంగా చుట్టేవాళ్ళు ఆ వీధిలోనే లేరని పెద్దనాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ పొగడ్తకి నేను పొంగిపోయేదాన్ని. పనివాళ్ళని పొగిడేది ఎందుకో చిన్నప్పుడు తెలియదు కదా.

ఆ బల్ల మా ఇంటికి వచ్చింది కూడా ఆయన మొండితనం వల్లే. తూత్తుకుడిలో ఓడవాళ్ళు దిగే పాత విడిది ఒకటి మూతపడి సామాన్లు వేలం వేస్తున్నారంటే, మగ్గాలకి మోటారు దొరుకుతుందని వెళ్ళాడు. మోటారు ఇంకెవరో పాడుకున్నారు. వట్టి చేతులతో తిరిగివస్తే వీధిలో తలవంపులని పూల్ ఆడే బల్లని, దాని కర్రల్ని, బంతుల్ని, ఒక అట్టపెట్టె నిండా వీడియో క్యాసెట్లని లారీ ఎక్కించుకుని వచ్చాడు. బల్ల కాళ్ళు మంచి టేకువి, కోసుకుంటే మగ్గం కొయ్యలకి పనికొస్తాయన్నాడు. తీరా షెడ్డు చివర నిలబెట్టాక చూడటానికి వీధి వీధంతా వచ్చేసరికి కోయబుద్ధి కాలేదు. బల్ల మీది పాత గుడ్డని ఎలుకలు కొట్టేశాయి. దీనికి వేసే గుడ్డ మదరాసులో దొరుకుతుందని లారీతో వచ్చిన మనిషి నోరు జారాడు. పెద్దనాయన ముఖం మాడిపోయింది.

“గుడ్డ కొనేదానికి నేను మదరాసు పోవాల్నా? ఈ ఇంట్లో ఏమి, గొర్రెలు మేపుతాండామా?” అన్నాడు.

దుప్పట్ల మగ్గం మీద తనే కూర్చుని నేశాడు. సన్న నూలు, ఒత్తు నేత, పచ్చ రంగు. ఆయన నేతకి వంక పెట్టడానికి లేదు, నాకు ఆయన మీద ఎంత కడుపు మంట ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి. తప్పు నేతలో లేదు, నూలులో ఉంది. ఆ బల్ల మీద వేయాల్సింది ఉన్ని గుడ్డ, దాని మీద బంతి జారిపోతుంది. మా నూలు గుడ్డ మీద బంతి ఈడ్చుకుంటూ పోయేది. పైగా అది వదులైపోకుండా ప్రతి శనివారం గంజి పెట్టేవాళ్ళం, పడుగు నూలుకి పెట్టే కుంచెతోనే. ఎండాక గుడ్డ అట్టలా బిగుసుకునేది. బంతులకి తెల్లటి పొర పట్టేది, షెడ్డంతా పులిసిన గంజి వాసన, బొద్దింకలకి పండగ. “బల్లకి గంజి, బిడ్డలకి నీళ్ళా?” అని పెద్దమ్మ సణిగేది. కానీ కుండలోంచి బల్లకి తీసి పెట్టేది కూడా తనే.

ఆదివారాలు వీడియో డెక్కు అద్దెకి తెచ్చేవాడు మా అన్న, అంటే పెద్దనాయన కొడుకు. సినిమా క్యాసెట్టు అయిపోయాక మిగిలిన సమయంలో ఆ పెట్టెలోవి చూసేవాళ్ళం. అన్నిట్లో ఒకే ముసలి మనిషి, మేము తాత అనేవాళ్ళం. బట్టతల, పలచటి పెదవులు, నల్ల కోటు. స్ట్రెయిట్ పూల్ అనే ఆటని మొదటి నుంచి నేర్పుతాడు. ఆయన ఇంగ్లీషు మాకు ముక్క అర్థం కాదు. బల్ల పక్కన నిలబడి ఊరికే మాట్లాడే చోటల్లా పెద్దనాయన క్యాసెట్టుని ముందుకి తోసేసేవాడు. “మాటలు పోనీ, చెయ్యి చూపనీ” అనేవాడు. అన్నకి రెండు వారాల్లో విసుగొచ్చి క్రికెట్టుకి పోయాడు. నేను మిగిలాను. కండెలు చుడుతూ చూడొచ్చు కదా, నన్ను ఎవరూ లేపలేదు. తాత ఎడమచెయ్యి బల్ల మీద ఎలా పెడుతున్నాడో, గడ్డం కర్రకి ఎంత దగ్గరగా దించుతున్నాడో, కొట్టాక కర్రని ఎక్కడ ఆపుతున్నాడో చూసేదాన్ని. డెక్కు ఆపి ఆపి చూస్తే వేడెక్కుతుందని అద్దెకిచ్చినవాడు తిట్టేవాడు, అందుకని క్యాసెట్టు నడుస్తుండగానే కండెల్ని నేల మీద బంతుల్లా పేర్చుకునేదాన్ని. అంచు పోగుల లెక్క చూసి మనసులో పెట్టుకున్నట్టే ఆ పేర్పు మనసులో పెట్టుకుని, తర్వాత బల్ల మీద అలాగే బంతులు పెట్టి కొట్టేదాన్ని.

కరెంటు పోతేనే నాకు ఆట. మగ్గాలు ఆగగానే అందరూ గాలికి వీధిలోకి పోయేవాళ్ళు, నేను బల్ల దగ్గరికి. పైకప్పులో ఒక గాజు పెంకు ఉండేది, దాని వెలుతురు సరిగ్గా బల్ల నడిమికి పడేది. వేసవిలో కరెంటు ఎక్కువసేపు పోయేది. ఊరంతా విద్యుత్తు ఆఫీసుని శాపనార్థాలు పెడుతుంటే నేను దండం పెట్టుకునేదాన్ని. ఆట పైకి చాలా తేలిక. తెల్ల బంతితో మిగతా పదిహేను బంతుల్లో దేన్నైనా కొట్టొచ్చు, కాకపోతే ఏ బంతి ఏ గుంటలో పడుతుందో ముందే నోటితో చెప్పాలి. చెప్పినట్టు పడితే ఒక పాయింటు లెక్క, ఇంకొకటి కొట్టొచ్చు. పద్నాలుగు పడ్డాక ఒక్కదాన్ని బల్ల మీద ఉంచేసి మిగతావాటిని మళ్ళీ త్రికోణంగా పేరుస్తారు. ఆ మిగిలినదాన్ని గుంటలో వేస్తూనే తెల్ల బంతి వెళ్ళి ఆ గుంపుని చెదరగొట్టాలి. తప్పు పోనంతవరకూ అలా సాగుతూనే ఉంటుంది. కాబట్టి బంతిని గుంటలో వేయడం సగం పనే, కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందన్నదే ఆటంతా. నేను దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలిగేదాన్ని, మా గుడ్డ మీద.

పదో తరగతి అయిపోయిన వేసవిలో విరుదునగరం ముదలాళి వచ్చాడు. ముదలాళి అంటే యజమాని, పప్పుమిల్లు ఉన్నాయన, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. కూతురి పెళ్ళికి పంచడానికి తువాళ్ళు నేయించుకుందామని వచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది. నేను ఆడుతుంటే తలుపు దగ్గరే నిలబడిపోయాడు. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో పనిచేశాడట. విరుదునగరంలో మిల్లు మేడ మీద రెండు పూల్ బల్లలు వేయించి పిల్లలకి నేర్పిస్తున్నాడట. ఎవరు నేర్పారని అరవంలో అడిగాడు. టీవీలో తాత అన్నాను. గట్టిగా నవ్వి, ఇంకా కొట్టమన్నాడు. కొట్టాను. పద్నాలుగూ దించి, మిగిలినదాంతో గుంపుని పగలగొట్టి, మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన నవ్వు ఆపేశాడు. దగ్గరికి వచ్చి బల్ల గుడ్డని వేళ్ళతో రుద్ది చూశాడు. తర్వాత పెద్దనాయన్ని వసారాలోకి తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు.

తర్వాత నన్ను పిలిచి ఆయన చెప్పింది ఇది. మూడు నెలల్లో ఆయన మేడ మీద పోటీ పెడుతున్నాడు. మొదటి ఇద్దరిని మదరాసులో తన చెల్లెలింట్లో ఉంచి, ఆట నేర్పించి, కాలేజీ చదువు కూడా చెప్పిస్తాడు. ఆడపిల్లయినా సరే, ఖర్చంతా ఆయనదే. పెద్దనాయన భుజం మీద తువాలు సర్దుకుని, “సరి ముదలాళీ, మీ మాట” అన్నాడు. నా ముందున్నవి అప్పటికి రెండు దారులే. మెట్టినింటికి పోయేదాకా ఈ ఇంటి కండెలు, పోయాక ఆ ఇంటి కండెలు. మూడోది ఒకటి ఉంటుందని ఆ రోజే తెలిసింది. నాకు ఆకలి పోయింది, నిద్ర పోయింది. మా నాయన అన్న ముందు నోరు తెరిచే మనిషి కాదు. ఆయన చేసిన సాయమల్లా, కరెంటు వచ్చేశాక కూడా “నీవు ఆడుకో పాపా” అని నా కండెలు తాను చుట్టడం. మగవాడు కండెలు చుడుతున్నాడని మగ్గాలవాళ్ళు నవ్వితే వినబడనట్టు తల వంచుకునేవాడు.

విరుదునగరం మేడ మీద ఆ రోజు నేను మొదట చూసింది బల్ల గుడ్డని. చిలకపచ్చ రంగు, ఎక్కడా మడత లేదు. చెయ్యి పెడితే మెత్తగా, కొంచెం గిలిగా ఉంది. నాకు ఎదురు తిరుత్తంగల్ ప్రెస్సువాళ్ళ అబ్బాయి, అంత గొప్ప ఆటగాడేమీ కాదు. నా మొదటి బంతి చెప్పిన గుంటలోనే పడింది. తెల్ల బంతి మాత్రం ఆగలేదు. నేను ఆపాలనుకున్న చోటు దాటి, అంచుకి కొట్టుకుని, తిరిగివచ్చి రెండు బంతుల వెనక నక్కింది. మెల్లగా కొడదామనుకుంటాను, చెయ్యి వినదు. ఏళ్ళ తరబడి గంజి గుడ్డ మీద అలవాటైన బలం అనుకుంటే తగ్గుతుందా? మెల్లగా కొట్టినప్పుడు గురి తప్పింది, గురి కుదిరినప్పుడు తెల్ల బంతే గుంటలో పడింది. ఆ అబ్బాయి చూయింగ్ గమ్ నములుతూ నింపాదిగా తన లెక్క పెంచుకున్నాడు. అయిపోయాక ముదలాళి నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం కాదు, ఇంకేదో ఉంది. “మూడు నెలలు సాధన చేసి కూడా ఇంతేనా పాపా?” అని అరవంలో అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. పక్కనే ఉన్న పెద్దనాయన తువాలు దులుపుకుని మెట్ల వైపు నడిచాడు.

తిరుగు బస్సు సాత్తూరులో ఆగితే కారం చల్లిన దోసకాయ ముక్కలు కొనిచ్చాడు పెద్దనాయన. బయట ఏదీ కొనిచ్చే మనిషి కాదు. నేను తినకుండా ఏడుస్తుంటే నా తల మీద చెయ్యి పెట్టాడు.

“అంతగా జారిపోయేది, అది గుడ్డా పాపా? మన గుడ్డ మీద ఆడమను, నిన్ను గెలిచేవాడు ఎవుడు?”

ఆయన నా తల నిమిరింది జీవితంలో ఆ ఒక్కసారే. నేను దాన్ని ఎంత భద్రంగా దాచుకున్నానో చెప్పలేను. బల్ల మీద నెమ్మదిగా తువాళ్ళ కట్టలు పేర్చడం మొదలైంది. గంజి పెట్టడం మానేశారు. నన్ను నగరిలో మగ్గాలున్న ఇంటికే ఇచ్చారు. అక్కడ నా మాట విని అందరూ నవ్వారు, ఇదేం కాలం నాటి తెలుగు అని. పిల్లల వాచకాలు ముందేసుకుని అక్షరాలు నేర్చుకున్నాను, పంతం కొద్దీ రాయడమూ నేర్చుకున్నాను. ఇలా రాస్తున్నానంటే ఆ నవ్వుల పుణ్యమే. కానీ ఏ పని సరిగ్గా చేయలేకపోయినా ముదలాళి మాట చెవిలో పడేది. కూర మాడితే, ప్రైవేటుగా కట్టిన పరీక్ష తప్పితే, పత్రికకి రాసి పంపింది తిరిగివస్తే, ఇంతేనా పాపా. నాలో ఏదో తక్కువుందనే బతికాను.

ఇప్పుడు ఏది నేర్చుకోవాలన్నా ఫోనులో ఉంది. కేకు చేయడం దగ్గర్నుంచి వీణ దాకా. మా ఇంటి ఎదురు పిల్ల చదరంగం అందులోనే నేర్చుకుంటుంది, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ వింటుంది. డెక్కు వేడెక్కుతుందని తిట్టేవాళ్ళు లేరు, మాటలు దాటించేసే పెద్దనాయనా లేడు. కొన్నేళ్ళ కిందట నాకూ బుద్ధి పుట్టి వెతికితే ఆ బట్టతల తాత కనబడ్డాడు. అప్పటికి నాకు ఇంగ్లీషు కాస్త వచ్చు. మేము తోసేసిన మాటలన్నీ కూర్చుని విన్నాను. బల్లకి ఉన్ని గుడ్డే వేయాలి, వేరే గుడ్డ మీద నేర్చుకుంటే చేతికి తప్పుడు బలం అలవాటవుతుంది అని మొదటి మాటల్లోనే చెబుతున్నాడు తాత. ఆ రోజు మధ్యాహ్నమంతా ఏడ్చాను. తర్వాత మనసు తేలికైంది. తక్కువ నాలో లేదు, గుడ్డలో ఉంది. పాపం, పెద్దనాయనకి మాత్రం ఏం తెలుసు, ఇంట్లో ఎవరికి తెలుసు గనక అనుకున్నాను. క్షమించేశాను. అంత సులువుగా క్షమించినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

పదోరోజు తంతు అయ్యాక పెద్దమ్మ తన పెట్టె తీసింది, కోడళ్ళకి, కూతుళ్ళకి చీరలు పంచుదామని. అడుగున బ్రౌను కాగితం చుట్టిన గుడ్డ చుట్ట ఒకటి కలరా ఉండల వాసనతో బయటికి వచ్చింది. కాగితం చిరిగిన చోట చిలకపచ్చ రంగు. చెయ్యి పెట్టగానే నా వేళ్ళకి తెలిసిపోయింది. అంత మెత్తన, ఆ గిలి, ఒక్కసారి తాకినా మరిచిపోయేది కాదు.

“ఇది ఎక్కడిది పెద్దమ్మా?”

ఆమె దాచలేదు. దాచాల్సిన మనిషి పోయాడు కదా. “విరుదునగరం ముదలాళి పంపించింది పాపా. నీ ఆట చూసి పోయినాడు కదా, ఆ వారమే లారీ డ్రైవరు చేత పంపినాడు. బల్లకి ఇది బిగించి మూడు నెలలు పాపని ఆడనీండి, అప్పుడే మా ఊర్లో ఆడేదానికి చెయ్యి కుదురుతాది అని చెప్పి పంపినాడు.”

“మరి ఎందుకు వెయ్యలేదు? నేను పోతే కండెలు ఎవరు చుడతారనా?”

“చీ చీ, అది కాదు. కండెలు చుట్టేదానికి కూలికి మనిషి దొరకదా? నీవు మదరాసు పోతే పోనీలే అనే చెప్పినాడు. తను నేసి బిగించింది పీకేసి ఇంకొకడి గుడ్డ వెయ్యాలంటే ఆయనకి చేతులు రాలేదు. రెండు దినాలు అన్నం ముట్టలేదు. పాపకి ఆట ఉంటే ఏ గుడ్డ మీదైనా గెలుస్తాది అని చెప్పి పెట్టెలో పెట్టెయ్యమన్నాడు.”

“నువ్వైనా నాకు చెప్పలేదే.”

“నీకు చెప్పేసినాక నేను ఈ ఇంట్లో ఉండాల్నా వద్దా?” అని పెద్దమ్మ ఒక చీర విప్పి వెలుతురుకి పట్టి చూసింది. “ఇప్పుడేమి పాపా, నీకేమి తక్కువ? మొగుడు, బిడ్డలు, ఇల్లు. బాగానే కదా ఉండావు.”

పనికి కావాలని ఆపి ఉంటే నాకు ఇంత మండేది కాదు. పేదరికం అనుకుందును, భయం అనుకుందును. ఒక గుడ్డ కోసం! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని తీర్మానించుకున్న మనిషి, దాని కోసం నా కాళ్ళు విరగ్గొట్టాడు. బస్సులో తల నిమిరిన చెయ్యి కూడా అదే. అప్పుడాయనకి అంతా తెలుసు. ముదలాళి “మూడు నెలలు సాధన చేసి కూడా” అన్నది, తాను పంపిన గుడ్డ మీద నేను ఆడానని అనుకుని. అన్నీ అమర్చి ఇచ్చినా నేర్చుకోలేని సోమరిపిల్ల అనుకుని ఉంటాడు. పెద్దమ్మ నాకొక నూలుచీర ఇచ్చింది. ఇంటి మగ్గం మీద నేసింది. తీసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మధురై పోయే బస్సు విరుదునగరంలో ఆగితే దిగిపోయాను. దిగాలని ముందు అనుకోలేదు. పప్పుమిల్లు మేడ మీద ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు, ముదలాళి ఇల్లు మాత్రం వెనకవీధిలో అలాగే ఉందన్నారు. బెల్లు కొడితే ఆయన కోడలు వచ్చింది, చేతికి పసుపు, వంటలో ఉన్నట్టుంది. మామగారు పోయి చాలా కాలమైందని గ్రిల్లు తీయకుండానే చెప్పింది. మీరెవరు, ఏం కావాలి అని అడిగింది.

“ఆయన చాలా ఏళ్ళ కిందట నాకొక గుడ్డ పంపించారు. అది నాకు అందలేదని చెప్పి పోదామని వచ్చాను” అన్నాను, అరవంలో.

ఆమె నన్ను కిందనుంచి పైకి చూసింది. ఆ గుడ్డ ఇప్పుడు అడగడానికి వచ్చానని అనుకున్నట్టుంది.

“ఆ కాలం సంగతులు మాకేమీ తెలియవమ్మా” అని లోపలి తలుపు వేసుకుంది.